పెన్సిల్‌తో రిఫర్, పెన్నుతో నార్మల్

పోయిన నెలలో ఖమ్మంలో గుండె డాక్టరు గది బయట బల్ల మీద కూర్చుని, చేతిలో పెట్టిన కాగితాన్ని నాలుగోసారి చదువుకున్నాను. పై వరుసలో ‘నార్మల్’ అని ఉంది. అడుగున, సంతకానికి కాస్త పైన, ‘రిఫర్’ అని ఉంది. పరీక్షల్లో ఏమీ తేలలేదు, అయినా ఎందుకైనా మంచిది, హైదరాబాదులో ఒకసారి చూపించుకోండి అని దాని సారాంశం. డాక్టరుగారు నవ్వుతూనే చెప్పారు. మా ఆయన నవ్వుతూనే విన్నారు. నేను మాత్రం ఆ కాగితం వదల్లేదు. “ముప్ఫై ఏళ్ళు కాలేజీలో ఇంగ్లీషు చెప్పినదానివి, రెండు మాటలు చదవడానికి ఇంతసేపా?” అన్నారాయన. ఆయనకేం, గ్యాసు కట్టేశామో లేదో చూసుకోకుండా ఊరికి బయల్దేరగలిగే మనిషి. నేను వీధి చివరి దాకా వెళ్ళి తాళం లాగి చూడడానికి వెనక్కి వచ్చే రకం. ఆ రెండు మాటలూ ఒకే కాగితం మీద నాకు కనిపించడం అది రెండోసారి. మొదటిసారి నాకు పదేళ్ళు. వాటిలో ఒకదాన్ని రాసింది నేనే.

నిఘంటువు తిరగేస్తే ఈ రెండింటికీ ఏ చుట్టరికమూ లేదు. ఒకటి విశేషణం, ఇంకొకటి క్రియ. ఒకటి ఉన్నదాన్ని ఉన్నట్టు చెబుతుంది, కొలతకు సరిపోయింది, మామూలుగా ఉంది అంటుంది. ఇంకొకటి మనల్ని ఇక్కణ్ణుంచి లేపి ఇంకో చోటికి పొమ్మంటుంది, ఆ పుస్తకం చూడు, ఆ మనిషిని అడుగు అంటుంది. వీటికి తేడాలు రాయమని పరీక్షలో ఇస్తే మా పిల్లలు కాగితం మీద పడి నవ్వేవాళ్ళు. వంకాయకూ వాన గొడుగుకూ తేడా రాయమన్నట్టు ఉంటుంది. కానీ నా చిన్నప్పుడు మా ఇంట్లో ఈ రెండు మాటల మధ్యే పొద్దు పొడిచేది, పొద్దు గూకేది. అమ్మ పని నుంచి వచ్చి చెప్పులు విడుస్తూ ‘నార్మల్’ అన్నదంటే ఆ పూట పొయ్యి మీద పప్పుచారు, ముందు నాకో జడ. ‘రిఫర్’ అన్నదంటే ఆ చెప్పులు విడవకుండానే మళ్ళీ బయటికి.

మా అమ్మ నర్సు. పుట్టినూరు ఎర్రుపాలెం వైపు. చదువుకుని ఉద్యోగం వచ్చాక గోదావరి ఇవతల, బూర్గంపాడు దాటి అడవి మొదలయ్యే చోట ఒక చిన్న పల్లెలో వేశారు. నాన్నది పాల్వంచలో షిఫ్టు డ్యూటీ, వారానికొక్కసారి సైకిలు వెనక కూరగాయల సంచి కట్టుకుని వచ్చేవారు. దవాఖానా అంటే ఒక గది. ఆ గది వెనక రెండు గదుల్లో మా కాపురం. మధ్య తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. అందుకని మా అన్నానికి స్పిరిట్ వాసన, దవాఖానాకు తాలింపు వాసన. అమ్మ పొద్దున్నే కిరసనాయిలు స్టవ్ మీద సూదులు మరగబెట్టి, అవి దించాక అదే మంట మీద టీ పెట్టుకునేది. టీ సాసర్లో పోసుకుని, ఊదకుండా, చల్లారే దాకా దానివంకే చూస్తూ కూర్చునేది. ఆ నిమిషంలో నేను ఏమడిగినా జవాబు వచ్చేది కాదు. ఆ రోజు ఎవరెవరి కడుపులు చూడాలో లెక్క చూసుకుంటోందని పెద్దయ్యాక అర్థమైంది.

అమ్మకొక పద్ధతి ఉండేది. జరగబోయేది పెన్సిల్‌తో రాయాలి, జరిగింది పెన్నుతో రాయాలి. కాన్పుల రిజిస్టరు చివరి గడిలో ఎనిమిదో నెల నుంచే పెన్సిల్‌తో చిన్నగా తన అంచనా, ఆ రెండు మాటల్లో ఏదో ఒకటి, రాసుకునేది. తల్లి చేతిలో ఉండే కార్డు మీద కూడా అదే రాసేది, తను లేనప్పుడు వచ్చే నర్సు చూసుకోవాలని. బిడ్డ పుట్టాక రిజిస్టరులో ఆ పెన్సిల్ మాట మీద పెన్ను తిప్పే పని నాది. ఆదివారం పొద్దున్న అమ్మ తల దువ్వుకుంటూ ఒక్కొక్క పేరూ చదివేది, నేను బోర్లా పడుకుని నీలం సిరాతో గుండ్రంగా రాసేదాన్ని. నా అక్షరం ముత్యంలా ఉంటుందని బడిలో అనేవారు. ఆ పొగడ్త నాకు కొంచెం తలకెక్కింది, దాచడమెందుకు.

ఇంగ్లీషు ఒక్క ముక్క రాని ఊళ్ళో ఆ రెండు మాటలూ అందరి నోళ్ళల్లోకీ వచ్చేశాయి. దవాఖానాలో ఆయాగా ఉండే ముత్తమ్మ వాటిని ఉప్పూ కారంలాగ వాడేది. వానలు సరిగ్గా పడితే “ఈ ఏడు నార్మలే బిడ్డా” అనేది. ఒకాయన భార్య అలిగి పుట్టింటికి పోతే “ఆమె వాణ్ణి రిఫర్ జేసింది” అనేది. బడి పంతులు బదిలీ అయితే “సారును ఎటు రిఫర్ జేసిండ్రు?” అని అడిగేది. పిల్లల్ని కూడా అలాగే గుర్తుపెట్టుకునేవాళ్ళు, మా పెద్దోడు నార్మల్, చిన్నది రిఫర్ అని. నవ్వుకోవడానికి బాగానే ఉండేది గానీ, నిజంగా కార్డు మీద ఆ రెండో మాట పడినప్పుడు ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. రిఫర్ అంటే ఎడ్లబండి, లేదంటే ట్రాక్టరు, వంతెన మీదుగా భద్రాచలం, పెద్ద దవాఖానా. కొందరు అక్కణ్ణుంచి బిడ్డతో వచ్చేవాళ్ళు. కొందరు ఒట్టి చేతులతో వచ్చేవాళ్ళు. ఒకరిద్దరు రాలేదు. ఇంట్లోనే కాన్పయి పోయినవాళ్ళు ఇంకా ఎక్కువే, కానీ వాళ్ళ పోకకు ఇంగ్లీషు పేరు లేదు కాబట్టి ఎవరూ ఆ మాటను తిట్టలేదు. “రిఫర్ అంటే ఇంకా టైముందని అర్థం. అది మంచి మాట,” అని అమ్మ ఎంతమందికి చెప్పి చూసిందో. ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు. కూతుర్ని కదా, అమ్మ మాట కంటే ఊరి మాటే నా చెవికి బాగా ఎక్కింది.

దవాఖానా గదులు రత్తమ్మగారివి. కృష్ణా జిల్లా నుంచి వచ్చి పొగాకు వేసిన కుటుంబం. వాళ్ళ చీరల్లో, పాలల్లో, చివరికి నాకు పెట్టే సున్నుండల్లో కూడా పొగాకు వాసన ఉండేది. ఆవిణ్ణి నేను మామ్మా అనేదాన్ని. ఆవిడ కోడలు పద్మక్కకు పందొమ్మిదేళ్ళు, తొలిచూలు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చింతపిక్కలాడేది. మధ్యాహ్నాలు వాళ్ళ వసారాలోనే నా మకాం. ఎనిమిదో నెల దాటాక పద్మక్క కాళ్ళు వాచాయి. అమ్మ బీపీ చూసింది, మళ్ళీ చూసింది. కడుపుతో ఉన్న పిల్ల ముందు అలాంటి మాట అనకూడదని పద్మక్కను పంపించి, గుమ్మం దగ్గర రత్తమ్మగారితో మెల్లగా చెప్పింది. నేను గడప మీదే ఉన్నాను.

“పిన్నిగారూ, నేను రేపు ట్రైనింగుకి ఖమ్మం పోతున్నా. పది రోజులు ఉండను. ఈలోగా అమ్మాయిని భద్రాచలంలో మీ చెల్లెలి ఇంట్లో పెట్టండి. కాన్పు పెద్ద దవాఖానాలోనే జరగాల. కార్డు మీద రాశా.”

“అలాగే నర్సమ్మా,” అన్నది రత్తమ్మగారు. ఆవిడ ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. సరేనన్న ముఖం కాదది.

అమ్మ వెళ్ళిన రెండో రోజు మధ్యాహ్నం ఆవిడ కార్డు కొంగులో పెట్టుకుని వచ్చింది. నాకు తోడుగా ఉన్న ముత్తమ్మ చెరువుకు బట్టలు పట్టుకుపోయింది. నేను ఒక్కదాన్నే ఉన్నాను. ఆవిడ చాప మీద కూర్చుని కార్డు ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత తన కూతురి సంగతి చెప్పింది. ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు, ఆవిడకొక కూతురు ఉండేదని. కృష్ణా జిల్లాలో ఉన్నప్పుడు ఆ పిల్లను కాన్పుకు పట్నం పంపమని ఒక కాగితం మీద ఇదే మాట రాసిచ్చారట. ఆ కాగితం పట్టుకునే వెళ్ళిందట. “కాగితం ఒక్కటే వెనక్కొచ్చింది తల్లీ,” అన్నది. అప్పుడు కార్డు నా ముందు పెట్టింది.

“ఆ మాట తీసేసి మంచి మాట రాయవే. నీ చేతి మాట కలిసొస్తుంది. నువ్వు రాసినవాళ్ళంతా బిడ్డల్నెత్తుకుని తిరగట్లేదూ?”

అది నిజమే. నేను పెన్ను తిప్పిన ‘నార్మల్’లన్నీ ఊళ్ళో పరుగులు పెడుతున్నాయి. జరిగాకే నేను రాస్తున్నానన్న సంగతి, రాసినందువల్ల జరగడం లేదన్న సంగతి, పదేళ్ళ బుర్రకు తట్టలేదు. అరవై ఏళ్ళ రత్తమ్మగారి బుర్రకూ తట్టలేదు. నేను రబ్బరు తీసుకుని అమ్మ పెన్సిల్ మాటను చెరిపాను, ఉమ్మి తడి చేసుకుని మరీ చెరిపాను. కాగితం కొంచెం లేచింది. దాని మీద నీలం సిరాతో, నాకు చేతనైనంత అందంగా, ‘నార్మల్’ అని రాశాను. ఆవిడ కార్డును కళ్ళకద్దుకుంది. నాకు భయం వేయలేదు. గర్వంగా ఉంది.

భయం మూడు రోజుల తర్వాత వచ్చింది. ముత్తమ్మ పాలు పోయించుకోవడానికి నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, నా ఎదుటే రత్తమ్మగారిని అడిగింది, “భద్రాచలం ఎన్నడు పోతున్నరమ్మా? నర్సమ్మ జల్దీ పంపుమన్నది గదా.”

“లేదే, మళ్ళీ చూసి నార్మలే అన్నారు. కార్డు మీద ఉంది.”

“ఎవరు జూసిండ్రు?” అన్నది ముత్తమ్మ. రత్తమ్మగారు లోపలికి వెళ్ళిపోయింది. దారిలో ముత్తమ్మ తనలో తను గొణుక్కుంది, “కాళ్ళు గట్ల ఉబ్బినంక ఇంట్ల ఉంచుకుంటరా? గట్లనే మా వదినె పోయింది.” అప్పటిదాకా ఆ రెండు మాటల్లో ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అనుకున్నాను. చెడ్డదాన్ని చెరిపేస్తే కాళ్ళ వాపు కూడా పోతుందనే నా ధైర్యం.

ఆ రోజు నుంచి పద్మక్క కాళ్ళే నా లోకం. గోరింటాకు పెడతానని కూర్చునేదాన్ని. అమ్మ చేసినట్టే చీలమండ పైన బొటనవేలితో నొక్కి వదిలేదాన్ని. గుంట పడేది. ఒకటి, రెండు, మూడు అని లోపల లెక్కపెట్టుకుంటూ అది పూడే దాకా చూసేదాన్ని. ఒక రోజు పన్నెండు దాకా వచ్చాను. మర్నాడు ఇరవై. “గోరింటాకు పెట్టమంటే పిసుకుతున్నావేందే?” అని నవ్వేది పద్మక్క. తల నొప్పిగా ఉంది, కళ్ళ ముందు మిణుగురులు తిరుగుతున్నాయి అనేది, అదీ నవ్వుతూనే. ఎవరికైనా చెప్పాలని రోజూ అనుకున్నాను. ముత్తమ్మకు చెప్పాలని ఆమె పక్కనే తిరిగేదాన్ని, ఆమె “ఏంది బిడ్డా, ఆకలైతుందా?” అనేది, నేను అవ్ అనేదాన్ని. ఆకలి లేకుండా ఆ వారంలో ఎన్నిసార్లు అన్నం తిన్నానో. నాన్న వచ్చారు, వెళ్ళారు. ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే ఏమవుతుందన్న భయం, చెప్పకపోతే ఏమవుతుందన్న భయం, రెండూ ఒకేసారి ఉండేవి. చెప్పకపోవడం సులువు. నోరు మూసుకుంటే చాలు.

అమ్మ రావాల్సిన రోజు పొద్దున్నే పద్మక్కకు నొప్పులు మొదలయ్యాయి. మామ్మ కొడుకు సైకిలేసుకుని పోయి పక్క సెంటరు నర్సును తీసుకొచ్చాడు. ఆమె కార్డు అడిగింది, చూసింది. “నార్మలే గదా. తొలికాన్పు, టైం పడతది,” అని చీర కుచ్చిళ్ళు బిగించుకుని కూర్చుంది. బీపీ చూసే పట్టీ మా సెంటరుకు ఒక్కటే, అది అమ్మ పెట్టెలో, తాళంచెవి అమ్మ దగ్గర. నేను గుమ్మంలో నిలబడ్డాను. ఆమెకు చెబితే సరిపోయేది. అది మా అమ్మ రాయలేదు, నేను రాశాను, అంతే, నాలుగు మాటలు. రత్తమ్మగారు నా వైపు చూసింది. బెదిరింపు కాదు, బతిమాలడం. నేను ఆ చూపును సాకుగా తీసుకుని బయటికి వచ్చేశాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది: ఆవిడ చూడకపోయినా నేను చెప్పేదాన్ని కాదు.

మధ్యాహ్నం పద్మక్కకు ఫిట్స్ వచ్చాయి. ట్రాక్టరు కట్టించి, పరుపు వేసి, ఆమెను ఎక్కిస్తుండగా బస్సు ఆగింది. అమ్మ సంచి పట్టుకుని దిగింది. పరుగెత్తుకొచ్చి పద్మక్క ముఖం చూసి, నర్సు చేతిలోని కార్డు లాక్కుంది. కార్డును ఎండకు ఎత్తి పట్టుకుంది. లేచిన కాగితం, దాని కింద తన పెన్సిల్ గీత, పైన నా నీలం అక్షరాలు. నా వైపు ఒక్కసారి చూసింది. కార్డు జాకెట్లో పెట్టుకుని ట్రాక్టరెక్కింది. పద్మక్క బతికింది. మగబిడ్డ, ఊపిరి పోసుకోలేదు. ఇక ఆమెకు పిల్లలు పుట్టలేదు.

మూడో రోజు అమ్మ తిరిగొచ్చింది. స్నానం చేసి, టీ కూడా పెట్టుకోకుండా రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టింది. పక్కన కార్డు.

“ఇది నీ అక్షరమేగా?”

తలూపాను.

“ఎవరు రాయమన్నరు?”

“మామ్మ.”

అమ్మ రిజిస్టరు తెరిచింది. రిజిస్టరులో ఆమె పెన్సిల్‌తో రాసుకున్న ‘రిఫర్’ ఉంది. ఆ ఒక్క మాట చాలు ఆమె తప్పు లేదని పై అధికారులకు చూపించడానికి. అమ్మ నా రబ్బరు అడిగి తీసుకుని దాన్ని చెరిపేసింది. పెన్ను తీసి అక్కడ ‘నార్మల్’ అని తనే రాసింది. జీవితంలో ఆమె చేసిన దొంగపని నాకు తెలిసి అదొక్కటే. “ఇది నేను రాశా. ఎవరడిగినా నేనే రాశా, అంచనా తప్పింది. నీకేం తెలవదు, మామ్మకూ ఏం తెలవదు. అర్థమైందా?” అన్నది. నేను ఏడుస్తుంటే ఓదార్చలేదు, కొట్టలేదు. ఆ ఆదివారం రిజిస్టరు నాకివ్వలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ఇవ్వలేదు.

అమ్మకు మెమో వచ్చింది, తర్వాత బదిలీ. ఊరివాళ్ళు సామాన్ల బండి దగ్గరికి ఎవరూ రాలేదు, ముత్తమ్మ తప్ప. నర్సమ్మ నిర్లక్ష్యంగా రాసిందనీ, ఆమె రాత వల్లే బిడ్డ పోయిందనీ అందరికీ తెలిసిన నిజమైపోయింది. రత్తమ్మగారు కాదనలేదు. కొడుకుతో, కోడలితో ఒకే కప్పు కింద బతకాలి కదా ఆవిడ. నేనూ కాదనలేదు. అమ్మ మాత్రం ఏడాదికొకసారి, వేసవిలో, బస్సెక్కి పద్మక్కను చూసి వచ్చేది. ఒకసారి తోడు వెళ్ళాను. పద్మక్క గ్లాసుతో మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. అమ్మ అరుగు మీద ఒక గంట కూర్చుంది. ఆ గంటలో లోపలి నుంచి రోట్లో ఏదో దంచుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. “ఎందుకమ్మా వస్తావు?” అని తిరుగు బస్సులో అడిగితే, “చూసి పోవాలనిపిస్తది,” అన్నది. నేను అప్పటికి ఎం.ఏ. ఇంగ్లీషు చదువుతున్నాను. ఏ మాటకు ఏ అర్థమో వరండాల్లో నిలబడి వాదించేదాన్ని. ఆ అరుగు మీద మాత్రం నోరు పెగల్లేదు.

ఇప్పుడు అంతా మారింది, మారిందని సంతోషమే. ఫోను చేస్తే అడవిలోకి కూడా అంబులెన్సు వస్తోంది. మొన్న మా వీధిలో ఒకమ్మాయి తన కాన్పు తేదీ తనే నిర్ణయించుకుంది. ‘నార్మల్’ కావాలని డాక్టర్లను బతిమాలుకునే రోజులు, ‘రిఫర్’ అంటే ఒక ఫోను, ఒక కారు. ఆ మాటలకు అప్పుడున్న బరువు ఇప్పుడెవరికీ తెలియదు, తెలియనక్కర్లేదు కూడా. కానీ ఆ కాగితం పట్టుకుని బల్ల మీద కూర్చున్నప్పుడు నాకు అర్థమైందేమిటంటే, నాకేమైనా అయితే ఈ సంగతి చెప్పడానికి ఇక ఎవరూ లేరు. రత్తమ్మగారు పోయి చాలా కాలమైంది. ముత్తమ్మ పోయింది. అమ్మ పోయి నాలుగేళ్ళు. హైదరాబాదు పోయే ముందు ఒక పని ఉందని మా ఆయనతో చెప్పి మర్నాడు ఒక్కదాన్నే బస్సెక్కాను. పాల్వంచ దాటిన దగ్గర్నుంచి అదే పని, ఎలా మొదలుపెట్టాలి, ఆమె తలుపు వేసేస్తే ఏం చేయాలి, వినకముందే నా గుండె ఆగిపోతే ఎలా అని.

పద్మక్క ఇప్పుడు బూర్గంపాడులో మరిది కొడుకు దగ్గర ఉంటోంది. తల ముగ్గుబుట్ట. నన్ను గుర్తుపట్టడానికి కళ్ళు చికిలించి చూసింది. కుర్చీ వేసింది. నేను కూర్చోకుండానే, మంచినీళ్ళు తాగకుండానే, మొత్తం చెప్పేశాను. కార్డు, రబ్బరు, మామ్మ కూతురు, గోరింటాకు, అమ్మ రిజిస్టరులో చెరిపింది, అన్నీ. తిడుతుందనుకున్నాను. తిట్టాలనే కోరుకున్నాను. ఆమె ఒడిలో చేతులు పెట్టుకుని విన్నది. ఎదురింటి వాళ్ళు మిరపకాయలు ఆరబోసుకుంటున్నారు, ఆ ఘాటుకు రెండుసార్లు తుమ్మింది. కొంగుతో ముక్కు తుడుచుకుంది.

“మా అత్తయ్య చివరి రోజుల్లో నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోయేది,” అన్నది. “ఇదన్నమాట.”

“నన్ను క్షమించక్కా.”

“నీకు పదేళ్ళు. నిన్నేమంటాను విజ్జీ? ఆవిడా కూతుర్ని పోగొట్టుకున్న మనిషి. ఆవిణ్ణీ ఏమనను.” కాసేపు వేళ్ళు లెక్కపెట్టుకుంటున్నట్టు చేతులవంకే చూసుకుంది. “మీ అమ్మ ప్రతి ఏడూ వచ్చేది. ఒక్కనాడు లోపలికి రమ్మనలేదు. ఒక్కనాడు అన్నం తిని పొమ్మనలేదు. ఆ అరుగు మీద ఎండ పడుతున్నా జరిగి కూర్చోమని అనలేదు. ఎన్నేళ్ళొచ్చిందో.”

నేను ఏడుస్తున్నాను. ఆమె ఏడవలేదు. తలెత్తి నన్ను చూసింది.

“మీ అమ్మ పోయిందని నాకు ఫోను చేసింది నువ్వే గదా?”

“అవ్, అక్కా.”

“అప్పుడన్నా చెప్పలేకపోయావా? నేను పోనని ఇంట్లో పట్టుబట్టి కూర్చున్నా ఆ రోజు. చెప్పుంటే బస్సెక్కి వచ్చేదాన్ని గదా.”